రెండు సాంచాల జాగ

జూన్ 4, బుధవారం

ల్యాబ్‌లో మిగిలిపోయిన రికార్డు పుస్తకం ఇది. ఎడమ పేజీ ఖాళీగా, కుడి పేజీ గీతలతో ఉంటుంది. ఎడమ పక్క బొమ్మ గీయండి, కుడి పక్క పరిశీలనలు రాయండి అని ఏటా పిల్లలకు చెబుతాను. నాకు బొమ్మలు రావు కాబట్టి రెండు పక్కలా రాసుకుంటాను. కారు సంగతులు తప్ప మరొకటి రాయకూడదని నియమం. మనసు సంగతులు మొదలుపెడితే ఫిజిక్స్ లెక్చరర్‌కూ టీవీ సీరియల్‌కూ తేడా ఉండదు.

పరిశీలన: సాయంత్రం నాలుగున్నరకు కోరుట్ల కాలేజీ నుంచి సిరిసిల్లకు బయలుదేరాను. ఏసీ రెండు మీద ఉంది. రుద్రంగి దగ్గర ఎత్తు రోడ్డులో ఇటుకల ట్రాక్టరు వెనక పది నిమిషాలు పాకుతూ రావలసి వచ్చింది. అప్పుడు మీటర్ల మధ్య పళ్ల చక్రం బొమ్మ ఎర్రగా వెలిగింది. గేర్‌బాక్స్ వేడెక్కిందని దాని అర్థం. ఇంజను ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది. మాడిన నూనె వాసన. పక్కకు ఆపి అరగంట కూర్చుంటే లైటు పోయింది.

ఇంట్లో నాన్నకు, మా మాటలో బాపుకు, ట్రాఫిక్ అని చెప్పాను. రుద్రంగి రోడ్డు మీద ఏ ట్రాఫిక్ ఉంటుందో ఆయన అడగలేదు.

జూన్ 5, గురువారం

ఈ రోజు ఏమీ కాలేదు. నిన్నటిది ట్రాక్టరు తప్పు.

జూన్ 9, సోమవారం

ట్రాక్టరు లేదు. అయినా వచ్చింది.

కథలాపూర్ దాటాక లైటు వెలిగింది. ఐదు నిమిషాల్లో గేర్లు మారడం మానేసి బండి మూడో గేరులో బిగుసుకుపోయింది. ఆటోమేటిక్ బండి అలా చేస్తే తనను తాను కాపాడుకుంటున్నట్టు అని ఫోనులో చదివాను. మంచిదే, మరి నన్ను ఎవరు కాపాడాలి. ఏసీ ఆపి, అద్దాలు దించి, నలభై దాటకుండా ఇంటికి వచ్చాను. చెమటకు తొడుగులో కాలు ఒరుసుకుపోయి పుండు లేచింది.

నా ఎడమ కాలు మోకాలి కింద నుంచి పెట్టుడు కాలు. క్లచ్ తొక్కే పని లేని బండి కాబట్టే నాకు బండి ఉంది. ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నే, నాకు తెలియనిది కాదు. అయినా రాశాను, ఎందుకంటే విషయమంతా అదే.

జూన్ 10, మంగళవారం

పొద్దున ఏడింటికి కారెక్కేసరికి లోపల అంత చల్లగా లేదు. రోజూ నేను స్నానం చేసి కాలు తొడుక్కుని వచ్చేలోపే బాపు తాళం తిప్పి, ఏసీ పెట్టి ఉంచుతాడు. ఆయనకు కారు నడపడం రాదు. తాళం తిప్పడం, గేరు మీట ఎక్కడ ఉండాలో చూసుకోవడం, అంతవరకు నేర్పాను. వేడి సీటులో కూర్చుంటే నా కాలికి చెమట పడుతుందని ఆయన భయం.

"ఈ నడుమ జల్ది సల్లవడ్తలేదు బిడ్డా. మొదట్ల పది నిమిషాలు పెడుతుంటి. ఇప్పుడు ఆరున్నరకే పెడుతున్న," అన్నాడు. ఎండలు అలా ఉన్నాయి అన్నాను. తలంతా తెల్లగా, వయసు వల్ల కొంత, అంటుకున్న నూలు వల్ల కొంత, తాళం నా చేతికిచ్చి సాంచాల దగ్గరకు పోయాడు.

మరమగ్గాన్ని మా సిరిసిల్లలో సాంచా అంటారు. బాపు కార్ఖానాలో ఎనిమిది సాంచాలు ఉండేవి. మార్చిలో ఎండలు మొదలవగానే రెండింటిని విప్పించి పాత ఇనుముకు ఇచ్చేసి, ఆ జాగాలో నా కారు పెట్టించాడు. కారు బయట ఎండలో మాడుతోందట. నలభై ఏళ్లు తన చేతి కింద తిరిగిన సాంచాలు. అవి పోయిన రోజు ఆయన అన్నం తిన్నాడా అని నేను అమ్మను అడగలేదు. ఇది కారు సంగతి కాదు, కొట్టేయాలి.

జూన్ 11, బుధవారం

సగం రోజు సెలవు పెట్టి జగిత్యాల పెద్ద గ్యారేజీకి తీసుకుపోయాను. మెడలో ఐడీ కార్డు వేసుకున్న మనిషి ముందు నా వెనక చూశాడు, వెంట ఎవరైనా మగవాళ్లు వచ్చారేమోనని. తర్వాత కంప్యూటర్ తగిలించాడు. నూనె చుక్క తీసి కాగితం మీద పెట్టాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె టీ డికాక్షన్ రంగులో ఉంది.

"గేర్‌బాక్స్ పోయింది మేడం. కొత్తది ఎక్కియ్యాలె. గదే బండి కంటె ఎక్కువైతది. అమ్ముకునుడు మంచిది," అన్నాడు.

ఒక్క బోల్టు విప్పలేదు. ఎందుకు వేడెక్కిందని అడిగితే పాతదైతే వేడెక్కుతుంది అన్నాడు. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లవాడు ఆ జవాబు రాస్తే సున్నా వేస్తాను. ఆయనకు వేయలేకపోయాను. గేటు దాటి వచ్చి, కారు ఆపుకుని, ఏడ్చాను.

జూన్ 12, గురువారం

ఇంట్లో చెప్పేశాను. బాపు, "గీ బండి ఇచ్చేసి మామూలుది కొందాం బిడ్డా. డ్రైవర్ను పెడుదాం. నువ్వు ఎనక సీట్ల కూసోని పో," అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. గొల్లపల్లిలో పాత కార్లు కొనే సాంబయ్యకు ఫోను కూడా చేశాడు. ఆయన 29న, ఆదివారం, బండి చూడటానికి వస్తాడు.

అంటే నాకు పదిహేడు రోజులున్నాయి.

వెనక సీటు అంటే ఏమిటో నాకు తెలుసు. కారు కొనక ముందు పదకొండేళ్లు నేను ఎప్పుడు బయలుదేరాలో, ఎప్పుడు తిరిగి రావాలో ఇంకొకరి తీరికను బట్టి ఉండేది. ఎవరూ విసుక్కోలేదు, అదే కష్టం. విసుక్కుంటే గొడవైనా పెట్టుకునేదాన్ని. ఈ మూడేళ్లే కాలేజీ నుంచి తిన్నగా ఇంటికి రాకుండా ఊరికే మెట్‌పల్లి దాకా పోయి తిరిగి వచ్చిన రోజులు ఉన్నాయి. పని లేదు, పోవాలనిపించింది, పోయాను.

ఇంకో సంగతి. ఒక్కసారి రాసి వదిలేస్తాను. నా ఇరవై రెండో ఏట బాపు నన్ను మోపెడ్ మీద పరీక్షకు తీసుకుపోతున్నాడు. పనిలో పని అని గుడ్డ తానుల మూట కూడా కట్టాడు. మూట వల్ల నా ఎడమ కాలు బయటికి పెట్టుకుని కూర్చున్నాను. వేములవాడ రోడ్డు మీద లారీ తగిలింది. తప్పు దారిలో వచ్చింది లారీ. అయినా ఆ రోజు నుంచి బాపు మళ్లీ ఏ బండీ నడపలేదు, సైకిలు కూడా. నీ తప్పు లేదని పద్నాలుగేళ్లుగా చెబుతున్నాను. తల ఊపుతాడు. నమ్మడు.

జూన్ 13, శుక్రవారం

బస్సులో పోయాను. ఎక్కేటప్పుడు ఇద్దరు రెక్కలు పట్టి ఎత్తారు. నేను అడగలేదు.

జూన్ 16, సోమవారం

మా కాలేజీ అటెండరు సత్తయ్య చెప్పగా కోరుట్ల చివర, మెట్‌పల్లి రోడ్డులో ఉన్న ఏసుబాబు దగ్గరకు పోయాను. పన్నెండేళ్లు షార్జాలో గేర్‌బాక్సులే విప్పిన మనిషి. రేకుల షెడ్డు, బయట రెండు ఆటోలు. చూడగానే నిరాశ కలిగింది. ఎండెక్కక ముందే బయలుదేరి, ఏసీ లేకుండా, ముప్పై మీద పోయాను కాబట్టి లైటు రాలేదు.

ఆయన మూత ఎత్తలేదు. ముందు నన్ను కూర్చోబెట్టి అడిగాడు. ఎంత దూరం పోయాక వస్తుంది, ఎత్తులోనా చదునులోనా, ఏసీ ఉంటేనా లేకపోతేనా, ఆపితే ఎంతసేపటికి పోతుంది. నేను ఈ పుస్తకం తీసి చదివాను. ఆయన ముఖం వెలిగిపోయింది. షార్జాలో కూడా ఎవరూ రాసుకుని రాలేదట.

"బండి ఏడ పెడుతరు మేడం?"

ఇంట్లోనే, నీడలో, సొంత షెడ్డులో అన్నాను. గర్వంగానే అన్నాను.

"మంచిది. ముందుగాల ఒక్కటి తెలువాలె. వేడి ఎక్కువ పుడుతున్నదా, పుట్టిన వేడి బయటికి పోతలేదా. రెండు వేరువేరు రోగాలు," అన్నాడు.

పదేళ్లుగా ఉష్ణ ప్రసారం పాఠం చెబుతున్నాను. ఈ ప్రశ్న నేను వేసుకోలేదు. భయం వేస్తే చదువు అంతా ఎటు పోతుందో.

కారు అక్కడే వదిలేసి బస్సులో వచ్చాను.

జూన్ 17, మంగళవారం

మధ్యాహ్నం క్లాసు లేదు, పోయి స్టూలు మీద కూర్చున్నాను.

గేర్‌బాక్స్ కింద పళ్లెం విప్పాడు. అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది, లోపల అరిగిన ఇనుమంతా దానికి అంటుకుంటుంది. దాన్ని తుడిచి నా అరచేతిలో పెట్టాడు. మెత్తటి బూడిద రంగు మడ్డి ఉంది. వేళ్లతో నలిపి చూడమన్నాడు. గరుకు తగల్లేదు.

"ముక్కలు లెవ్వు. ప్లేట్లు కాలలేదు, జర ఎండినయంతే. సావలేదు మేడం ఇది."

నాకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. సరే అన్నాను, అంతే.

తర్వాత నూనె బాగా తిరుగుతోందా అని చూశాడు. గేర్‌బాక్స్‌లో వేడెక్కిన నూనె ఒక గొట్టంలో బండి ముందుకు పోయి, అక్కడ సన్నటి రేకుల కూలర్‌లో గాలికి చల్లారి, ఇంకో గొట్టంలో తిరిగి వస్తుంది. తిరిగి వచ్చే గొట్టం ఊడదీసి సీసాలో పెట్టాడు. సీసా గబగబా నిండింది. దారిలో అడ్డం లేదు.

నూనె మళ్లీ నింపి, ఊరి చుట్టూ అరగంట తిప్పి, తుపాకీలాంటి థర్మామీటరుతో రెండు గొట్టాలూ కొలిచాడు. పోయే గొట్టం 121. వచ్చే గొట్టం 117. నేనే రాసుకున్నాను. అంత దూరం పోయి, గాలిలో తిరిగి, నాలుగు డిగ్రీలు మాత్రమే దిగింది.

వేడి బయటికి పోవడం లేదు. నూనె వస్తోంది, కూలర్ ఉంది. మరి గాలి?

ముందు జాలీలోంచి చూస్తే ఏసీ రేకులు మెరిసిపోతున్నాయి. బాపు ఆదివారం ఆదివారం పైపు పెట్టి కడుగుతాడు.

జూన్ 18, బుధవారం

ఏసుబాబు కాగితం అడిగాడు. నా సంచిలో నిన్నటి స్లిప్ టెస్టు పేపర్లున్నాయి, ఒకటి ఇచ్చాను. ఇంజను స్టార్ట్ చేసి, ఏసీ పెట్టి, ఫ్యాన్ తిరుగుతుండగా కాగితాన్ని ముందు జాలీ పైభాగంలో పెట్టి వదిలాడు. ఫ్యాన్ గాలి లోపలికి గుంజుతుంది కాబట్టి కాగితం అక్కడే అతుక్కుంది. కింది భాగంలో పెట్టి వదిలాడు. కింద పడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. నేనూ పెట్టి చూశాను.

బంపర్ విప్పాడు. ఏసీ రేకుల పలకను జాగ్రత్తగా ముందుకు వంచాడు. దాని వెనక నూనె కూలర్ ఉండాలి. కనిపించలేదు.

"ఇదేంది మేడం, గొంగడి?"

కూలర్ మీద బూడిద తెలుపు రంగులో ఒక మందపాటి పొర, దిండు గలీబంత వెడల్పున. అక్కడక్కడ రంగు దారప్పోగులు. ఏసుబాబు ఎడారి ఇసుక చూశాడట, మిడతలు చూశాడట, ఇది మాత్రం చూడలేదట. అంచు పట్టి గుంజితే ముక్కలు కాకుండా చాపలా ఊడి వచ్చింది. నీళ్లు తగిలిన చోట గంజి వాసన వచ్చింది.

ఆ వాసన వచ్చాక నాకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. నేను పెరిగిన వాసన అది.

వరుసగా రాస్తాను. మార్చిలో కారు కార్ఖానాలోకి వచ్చింది. మార్చి దాకా మా సాంచాలు పాలిస్టర్ నేసేవి. ఏప్రిల్ నుంచి లంగాల బట్ట, గంజి పెట్టిన కాటన్ నూలు. దాని పీచు గాలిలో ఆడుతూనే ఉంటుంది. ఆ గాలి మధ్యలో బాపు రోజూ కారు స్టార్ట్ చేసి, నా కోసం ఏసీ పెట్టాడు. సెలవుల్లో నేను కదలకపోయినా బ్యాటరీ పోతుందని రోజూ పెట్టాడు. ఫ్యాన్ ఆ పీచంతా లోపలికి గుంజింది. ఆదివారాలు ముందు నుంచి పైపు కొట్టి దాన్ని ఇంకా లోపలికి నెట్టాడు, తడికి గంజి అతుక్కుంది. గాలి ఆడక ఏసీ చల్లబడటం తగ్గింది. తగ్గిందని ఇంకా ముందు నుంచి పెట్టాడు.

నా కాలికి చెమట పట్టకూడదని.

ఏసుబాబు ఆ పొరను పారేయబోతే ప్లాస్టిక్ సంచిలో వేసి ఇవ్వమన్నాను. ఎందుకో చెప్పలేకపోయాను.

జూన్ 19, గురువారం

కూలర్‌ను వెనక నుంచి ముందుకు, నెమ్మదిగా, నీళ్లతో కడిగాడు. నూనె మార్చాడు. ఒకసారికి సగమే దిగుతుందట, తిప్పి తెచ్చి రెండోసారి మార్చాడు. కొత్త ఫిల్టరు వేశాడు. కాగితం పైనా కిందా అతుక్కుంది. పిల్లవాడి పేపరు నలిగిపోయింది, ఇంకో మార్కు కలుపుతాను.

కోరుట్ల నుంచి రుద్రంగి ఎత్తు దాకా ఇద్దరం పోయాం, నేనే నడిపాను, ఏసీ మూడు మీద. ఎత్తులో కావాలనే నెమ్మదిగా ఎక్కించాను. పోయే గొట్టం 93, వచ్చే గొట్టం 70. ఏసుబాబు రోడ్డు పక్కన గొంతుకూర్చుని ఆ అంకె నాకు చూపించాడు, కొత్తగా పుట్టిన బిడ్డను చూపించినట్టు. అక్కడి నుంచి ఆయన బస్సులో వెనక్కి పోయాడు, నేను ఇంటికి వచ్చాను.

బాపుకు సెన్సర్ చెడిపోయిందని చెప్పాను.

"గంతేనా? ఉత్త సెన్సరా?" అని మూడుసార్లు అడిగాడు. ప్రతిసారీ నవ్వాడు. ఇక నుంచి పొద్దున స్టార్ట్ చేసి ఉంచొద్దట, సెన్సర్‌కు మంచిది కాదట అన్నాను. నవ్వు ఆగింది. సరే అన్నాడు.

నిజం చెబితే ఆయన ఏమంటాడో నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. ఆయన కోసమే.

జూన్ 22, ఆదివారం

సాంబయ్యకు ఫోను చేసి రావొద్దని చెప్పమని బాపుతో అన్నాను. సరే అన్నాడు.

పొద్దున ఆరున్నరకు బాపు అలవాటుగా కారు దగ్గరకు పోయాడు. తాళం చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత తాళం మేకుకు తగిలించి, వాకిట్లో కూర్చున్నాడు. ఏం చేయాలో తెలియని మనిషిలా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

అబద్ధం ఆయన కోసమే చెప్పాను.

జూన్ 23, సోమవారం

పోను రాను లైటు లేదు. వచ్చేటప్పుడు మెట్‌పల్లి దాకా పోయి మిర్చి బజ్జీ తిన్నాను. కారులో కూర్చుని ఒక్కదాన్నే, ప్లేటు ఒళ్లో పెట్టుకుని. చాలా బాగుంది.

ఆయన కోసమే.

జూన్ 25, బుధవారం

వారం తర్వాత చూపించమన్నాడు కాబట్టి ఏసుబాబు దగ్గర ఆగాను. కాగితం అతుక్కుంది, కానీ కింది మూల అల్లాడింది. అద్దం పెట్టి, టార్చి వేసి చూపించాడు. సన్నగా, తెల్లగా, మళ్లీ మొదలైంది.

"బండి ఆడ స్టార్ట్ అయినన్ని రోజులు ఇది అయితనే ఉంటది మేడం. ఆడికెల్లి బయటికి తియ్యాలె. లేకుంటె బయటికి నూకి తెచ్చి స్టార్ట్ చెయ్యాలె. ఇంట్ల చెప్పిండ్రా?"

చెప్పాను అన్నాను. రెండు అబద్ధాలు అయ్యాయి. కూలర్‌కు నా మంచితనంతో పని లేదు. బాపు రెండు సాంచాలు పీకించిన జాగాలోంచి నేను కారు తీసేస్తే ఎందుకని అడుగుతాడు. తీయకపోతే ఆగస్టుకల్లా మళ్లీ రుద్రంగి ఎత్తులో ఆగుతాను. అప్పుడు డ్రైవరూ, వెనక సీటూ.

అసలు ఎవరి కోసం అబద్ధం చెప్పాను? ఆయన ముఖం చూడలేక చెప్పాను. నా కోసమే చెప్పాను. ఇప్పుడు సరిగ్గా రాశాను.

జూన్ 26, గురువారం

చెప్పాను.

సాయంత్రం సాంచాలు ఆపి, టీ తాగుతున్నప్పుడు, ప్లాస్టిక్ సంచి తెచ్చి ఆయన ముందు నేల మీద బోర్లించాను. ఎండిపోయి అట్టలా ఉంది. అమ్మ ఎలుక గూడు అనుకుని లేచి నిలబడింది. బాపు ఒక మూల తుంచి వేళ్ల మధ్య నలిపాడు.

"ముప్పయ్‌రెండో నంబర్ నూలు. ఇది మనదే. ఏడ దొరికింది?"

కారులో దొరికిందని చెప్పాను. కాగితం పరీక్ష, కూలర్, పొద్దుటి ఏసీ, ఆదివారం పైపు, అన్నీ చెప్పాను. సెన్సర్ అబద్ధమని కూడా చెప్పాను. ఆయన చేతిలో ఆ ముక్క అలాగే ఉంది. నేను భయపడిన మాటే వచ్చింది.

"మల్ల నేనే చేసిన్నా బిడ్డా?"

వారమంతా ఈ మాటకు జవాబు తయారు చేసుకున్నాను. లేదు బాపు, నీ తప్పేం లేదు, ఎవరికి తెలుస్తుంది, అని. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"అవును బాపు. కారు నువ్వే చెడగొట్టినవ్."

అమ్మ నన్ను కొట్టేలా చూసింది.

"కారు నువ్వే చెడగొట్టినవ్. కాలు నువ్వు తియ్యలేదు. అది లారీ తీసింది. రెండు ఒక్కటి కావు. నీ తప్పైతె నీదే అని నేనే అంట, గిప్పుడు అన్న గద. కాలు తప్పు నీది కాదు."

ఆయన నా వైపు చూశాడు. పద్నాలుగేళ్లలో ఆయన నా ముఖం అంత సూటిగా చూడలేదు. ఇన్నాళ్లూ నీ తప్పు లేదని చెప్పినప్పుడల్లా నేను ఆయనను ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. నన్ను నమ్మడానికి ఆయనకు ఆధారమే లేదు, నేను ఏనాడూ ఆయనకు ఏ తప్పూ అంటగట్టలేదు మరి. ఇవాళ ఒకటి అంటగట్టాను. రెండోది దానంతట అదే ఆయన మీద నుంచి జారింది. కళ్లు తుడుచుకున్నాడు, కండువాతో, నూలు పీచు కళ్లలో పడిందన్నట్టు. నేను కూడా ఏడ్చాను. ఇది కారు సంగతి కాదు. కొట్టేయను.

కాసేపటికి ఆయనే, "గంజి పెట్టిన నూలు కాబట్టి అతుక్కున్నది. పాలిస్టర్ అయితె గింత వట్టకపోవు," అన్నాడు. పని గురించి మాట్లాడుతున్నాడంటే బాగున్నాడని అర్థం.

జూన్ 27, శుక్రవారం

బాపు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

జూన్ 29, ఆదివారం

పదింటికి సాంబయ్య గొల్లపల్లి నుంచి వచ్చాడు. బాపు ఫోను చేయడం మర్చిపోయాడట, లేకపోతే ఎందుకైనా మంచిదని ఊరుకున్నాడో. కారు చుట్టూ తిరిగి, తలుపు వేసి తీసి, బాగుంది అన్నాడు. బాపు ఆయనకు టీ ఇప్పించి, "బిడ్డె నడుపుతది, అమ్మేది లేదు," అని పంపించాడు.

తర్వాత కార్ఖానా గుమ్మం దగ్గర నిలబడి గల్లీ వైపు చూశాడు. లోపల నుంచి గల్లీ దాకా ముప్పై అడుగులు ఉంటుంది. స్టార్ట్ చేసి వెంటనే బయటికి తెస్తే గాలి గుంజేది అర నిమిషమే. అప్పుడు బయట ఏసీ పెట్టి చల్లబరచవచ్చు. రాత్రుళ్లు ముందు జాలీకి పాత లుంగీ కట్టి ఉంచవచ్చు. ఇదంతా ఆయనే లెక్క వేసి చెప్పాడు. పొద్దున నేనే బయటికి తెస్తాను అన్నాను.

"నువ్వు తెస్తె సల్లగ ఎట్లుంటది? నువ్వొచ్చేటాలకు సల్లగుండాలె గద," అన్నాడు. కాస్త ఆగి, "గా ముప్పయ్ అడుగులు నాకు నేర్పు," అన్నాడు.

నేను పక్క సీటులో కూర్చున్నాను. ఆయన స్టీరింగ్ ముందు. మీట వెయ్యగానే బండి కదిలింది, కదలగానే రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. ఇద్దరం ముందుకు తూలాం. మళ్లీ కదిలించాడు, మళ్లీ రెండు కాళ్లూ. నాలుగుసార్లు అయ్యాక నుదురు తుడుచుకుని అడిగాడు.

"ఈ ఎడమ కాలు ఏడ పెట్టుకోవాలె బిడ్డా? ఊకె అడ్డమొస్తున్నది."

"దాన్ని మర్చిపో బాపు. ఈ బండికి అది అక్కరలేదు."

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత ఎడమ కాలు ఎత్తి, సాంచా ముందు బల్ల మీద కూర్చున్నట్టు, మడిచి తొడ కింద పెట్టుకున్నాడు. ఒంటి కాలితో, ముప్పై అడుగులు, ఎక్కడా తూలకుండా, గల్లీలోకి తెచ్చి ఆపాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

జూలై 1, మంగళవారం

నిన్న బాపు కారును గోడకు రాసుకుంటూ తెచ్చాడట. అమ్మకు తెలుసు, నాకు చెప్పింది. గోడకు కాస్త సున్నం రాలింది, అంతే. బండికి పెద్దగా ఏమీ కాలేదు, ఎడమ పక్క కాస్త గీరుకుంది. నాకు తెలియదన్నట్టే ఉన్నాను. ఈ ఒక్క అబద్ధం ఉండనిస్తాను.

జూలై 5, శనివారం

పరిశీలన: ఏసుబాబు దగ్గర కాగితం పైనా కిందా గట్టిగా అతుక్కుంది. పోయే గొట్టం 91, వచ్చే గొట్టం 69. నూనె ఎర్రగా ఉంది. వచ్చే నెల దాకా రావద్దన్నాడు. ఇంట్లో చెప్పారా అని మళ్లీ అడిగాడు. చెప్పాను అన్నాను, ఈసారి నిజమే కాబట్టి ఇంకో ముక్క కూడా చెప్పాను, మా బాపు కారు నేర్చుకుంటున్నాడని.

జూలై 7, సోమవారం

పరిశీలన: పొద్దున ఏడు. వాన పడి ఆగింది. కారు గల్లీలో ఉంది. జాలీకి కట్టిన లుంగీ విప్పి, మడిచి, గుమ్మం మీద పెట్టి ఉంది. లోపల చల్లగా ఉంది. బాపు సాంచాల దగ్గరకు పోయాడు, కనిపించలేదు. సీటు వెనక్కి జరిపి ఉంది, ఆయన మడిచిన కాలికి చోటు ఉండేలా. ముందుకు జరుపుకుని కోరుట్లకు బయలుదేరాను.